గృహహింస బాధితులకు సహాయ సేవలు

ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీకి, తిట్లు పడుతున్న స్త్రీకి, చేతిలో పైసా లేకుండా గడప బయటికి గెంటేసిన స్త్రీకి అందవలసిన వైద్యం, ఆశ్రయం, సలహా, పోలీసు సాయం, కోర్టులో ఉచిత న్యాయవాది వంటివన్నీ సహాయ సేవల కిందికి వస్తాయి. భారతదేశంలో వీటికి ఆధారం 2005 నాటి గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం. ఇది 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు 1983లో శిక్షాస్మృతిలో చేర్చిన 498ఎ సెక్షన్ ఉండేది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. ఆ సెక్షన్ కింద భర్తను జైలుకు పంపవచ్చు. ఆ రాత్రి ఆమె ఎక్కడ తలదాచుకోవాలి, పిల్లల ఫీజు ఎవరు కట్టాలి అన్నవాటికి మాత్రం అందులో జవాబు లేదు. ఆ లోటు తీర్చడానికే కొత్త చట్టం వచ్చింది.

అవసరం ఎంత ఉందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. 2019–21 సర్వే ప్రకారం 18–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో భర్త చేతిలో హింస అనుభవించినవారు దేశంలో 29.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. దేశం మొత్తంమీద శారీరక లేదా లైంగిక హింసకు గురైనవారిలో సాయం కోరింది 14 శాతమే. 77 శాతం మంది ఎవరికీ చెప్పుకోలేదు, ఎవరి సాయమూ అడగలేదు. అడిగినవాళ్లు కూడా ఎక్కువగా పుట్టింటినే ఆశ్రయించారు. అక్కడ వినపడే మొదటి మాట చాలాసార్లు ‘సర్దుకుపో’. పెద్దమనుషుల పంచాయితీలోనూ అదే మాట. కాబట్టి బయటి సేవ అనేది ఎలా ఉండాలంటే, ఆ మాట అనని మొదటి చోటు అదే కావాలి.

ఇలాంటి చోట్లు చట్టం కంటే ముందే కొన్ని ఏర్పడ్డాయి. 1984లో ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ పోలీసు కమిషనర్ కార్యాలయంలోనే మహిళలు, పిల్లల కోసం ప్రత్యేక విభాగం తెరిచింది. పోలీసుల దగ్గరికి వచ్చిన స్త్రీతో ముందుగా శిక్షణ పొందిన సామాజిక కార్యకర్త మాట్లాడే ఏర్పాటు అది. 2000 ప్రాంతంలో అదే నగరంలో, బాంద్రాలోని భాభా మున్సిపల్ ఆస్పత్రిలో ‘దిలాసా’ మొదలైంది. దాని వెనక ఉన్న ఆలోచన ఎంతో తెలివైనది. పోలీస్ స్టేషన్ మెట్లెక్కని స్త్రీ కూడా విరిగిన చేతికి కట్టు కట్టించుకోవడానికి ఆస్పత్రికి వస్తుంది. మెట్ల మీంచి పడ్డానని చెబుతుంది. గాయం చూసి అనుమానించగలిగిన నర్సు ఆమెను పక్క గదిలోని కౌన్సెలర్ దగ్గరికి పంపితే నిజం బయటపడుతుంది. తెలుగునాట చూస్తే, హైదరాబాదులో ‘భూమిక’ పత్రికను నడిపే మహిళా బృందం 2006లో హెల్ప్‌లైన్ పెట్టి ఫోన్‌లోనే సలహా, న్యాయ సాయం అందించడం మొదలుపెట్టింది.

2005 చట్టం ఈ పనిలో రక్షణాధికారి అనే కొత్త పాత్రను తెచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో ఈ బాధ్యతను ఎక్కువగా స్త్రీ శిశు సంక్షేమ శాఖ అధికారులకే అప్పగించారు. రక్షణాధికారి నింపే గృహ సంఘటన నివేదికను కార్యాలయాల్లో ‘డీఐఆర్’ అంటారు. ఈ ఫారం ఒక్కసారైనా చదివి చూడాలి. కొట్టడం, తన్నడం, నెట్టడం సరే. మగపిల్లాణ్ణి కనలేదని దెప్పడం, కట్నం తేలేదని అవమానించడం, ఉద్యోగం మాన్పించడం, జీతం లాక్కోవడం, ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, గడప దాటనివ్వకపోవడం, చచ్చిపోతానని బెదిరించడం కూడా అందులో వేర్వేరు అంశాలుగా ఉన్నాయి. ‘ఒంటి మీద దెబ్బల్లేవు కదమ్మా’ అని వెనక్కి పంపడానికి ఆ కాగితంలో వీలే లేదు. ఏ రోజు, ఎక్కడ, ఏం జరిగిందో వివరంగా రాసి, ఆమెకు ఏ ఉత్తర్వులు కావాలో అడిగి, మేజిస్ట్రేటుకు పంపాలి. భద్రతా ప్రణాళికకు వేరే ఫారం ఉంది. ఆమె దేనికి భయపడుతోందో, ఆ భయం పోవడానికి ఏం చేయాలో దానిలో రాస్తారు. డీఐఆర్ లేకపోయినా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. అయినా బాగా రాసిన నివేదిక కేసుకు పెద్ద బలం.

కోర్టు ఇవ్వగల ఉత్తర్వులు చాలానే ఉన్నాయి. జోలికి రావద్దనే రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండనివ్వాలనే నివాస ఉత్తర్వు, మనోవర్తి, పిల్లల తాత్కాలిక సంరక్షణ, పరిహారం, ఇవన్నీ ఒకే దరఖాస్తులో అడగవచ్చు. ఆమె తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లోనైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. సాధారణంగా 3 రోజుల్లో మొదటి వాయిదా వేయాలని, అప్పటినుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో నెలలు, ఏళ్లు పడుతున్నాయి. అందుకే మధ్యంతర ఉత్తర్వును మొదటి రోజే అడగడం ముఖ్యం. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

వీటన్నిటిలోకీ బతుకును మార్చేది నివాస హక్కు. ఇల్లు అత్తమామల పేరున ఉంటే కోడలికి అక్కడ ఉండే హక్కు లేదని 2006లో సుప్రీంకోర్టు అన్నది. ఆ ఒక్క తీర్పుతో ఎందరో కోడళ్లకు దారి మూసుకుపోయింది. 2020 అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సతీశ్ చందర్ ఆహుజా కేసులో ఆ తీర్పును తోసిపుచ్చింది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, ఆమె కాపురం ఉన్న ఉమ్మడి నివాసమైతే అక్కడ ఉండమని అడిగే హక్కు ఆమెకు ఉంది. ఈ చట్టం భార్యలకే పరిమితం కాదు. కొడుకు కొట్టే తల్లి, అన్న గెంటేసిన చెల్లెలు, పెళ్లి కాకుండా కలిసి ఉన్న స్త్రీ కూడా దీని కింద రక్షణ కోరవచ్చు.

రాత్రికి రాత్రి ఇల్లు వదిలి వచ్చినవాళ్ల కోసం 2015 ఏప్రిల్ 1న కేంద్రం వన్ స్టాప్ సెంటర్ల పథకం ప్రారంభించింది. నిర్భయ నిధితో నడిచే ఈ కేంద్రాలను తెలంగాణలో ‘సఖి’ కేంద్రాలుగా పిలుస్తారు. వైద్యం, పోలీసు, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకే చోట దొరకాలని, ఐదు రోజుల వరకు తాత్కాలిక బస ఉండాలని ఉద్దేశం. ఆ తర్వాత ఎక్కువ కాలం ఉండాలంటే స్వధార్ గృహాలు ఉండేవి. 2022లో వచ్చిన మిషన్ శక్తిలో వాటిని ‘శక్తి సదన్’ కింద కలిపారు. కొంత వయసు దాటిన మగపిల్లలను ఆశ్రయాల్లో తల్లితో ఉండనివ్వరు. పద్నాలుగేళ్ల కొడుకును కొట్టేవాడి దగ్గరే వదిలి రావాలంటే ఏ తల్లి కదులుతుంది? ఎందరో బయటికి రాలేకపోవడానికి ఇదొక కారణం. దీన్ని సరిదిద్దడానికి పెద్ద చట్ట సవరణేమీ అక్కర్లేదు.

మరో పెద్ద లోపం కౌన్సెలింగ్ పేరుతో జరిగే రాజీ. గృహహింస చట్టం కింద చేసిన 2006 నాటి నియమాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. తాను ఎందుకు కొట్టాల్సి వచ్చిందో సమర్థించుకోవడానికి కౌన్సెలింగ్‌లో అతనికి అవకాశం ఇవ్వకూడదు. మళ్లీ హింసకు దిగనని హామీ ఇవ్వాల్సింది అతనే. కానీ చాలాచోట్ల ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇద్దరికీ సమానంగా సుద్దులు చెప్పి, సంతకాలు పెట్టించి పంపేస్తారు. కాపురం నిలబెట్టామని లెక్కల్లో రాసుకుంటారు. సేవ ఫలించిందా లేదా అన్నది ఆమె ఒంటి మీద మళ్లీ చెయ్యి పడిందా లేదా అన్నదాన్ని బట్టే తేలాలి.

విదేశాల్లోని తెలుగు స్త్రీలకు వీసా ఇంకో సంకెల. అమెరికాలో 1994 చట్టం పౌరుల, గ్రీన్‌కార్డుదారుల భార్యలకు భర్తతో పనిలేకుండా శాశ్వత నివాసానికి సొంతంగా దరఖాస్తు చేసుకునే వీలు కల్పించింది. హెచ్-1బి ఉద్యోగి మీద ఆధారపడి హెచ్-4 వీసాతో వెళ్లిన భార్యకు ఆ దారి లేదు. నేర బాధితులకిచ్చే యూ వీసా వంటివి వెతుక్కోవాలి. అక్కడి దక్షిణాసియా స్త్రీల కోసం న్యూజెర్సీలో ‘మానవి’ 1985లోనే ఏర్పడింది.

సాయం కోసం ఫోన్ చేయవలసిన నంబర్లు మూడు. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరంలో పోలీసులకు 112, ఉచిత న్యాయ సహాయానికి 15100. స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని పొందే హక్కు 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చింది. ఫోన్ చేయాల్సింది బాధితురాలే కానక్కర్లేదు. పక్కింటివాళ్లు, టీచరు, అంగన్‌వాడీ కార్యకర్త, ఎవరైనా రక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద ఏ కేసూ నిలవదని గృహహింస చట్టంలోని 4వ సెక్షన్ భరోసా ఇస్తోంది. గోడ అవతల ఏడుపు వినపడితే మనకెందుకులే అనుకోకుండా ఫోన్ తీయండి.