సమాధానం

బడిలో మాస్టారు ప్రశ్న వేస్తే పిల్లవాడు చెప్పేది సమాధానం. అదే మాట మా చిల్లకల్లు చుట్టుపక్కల ఏ చర్చిలో విన్నా అర్థం మారిపోతుంది. అక్కడ దానికి నెమ్మది అని, రాజీ అని, తెగిన చుట్టరికం మళ్ళీ కలవడమని అర్థం. మనిషి దేవుడితో రాజీపడటాన్ని తెలుగు బైబిలు ‘సమాధానపడటం’ అంటుంది. పౌలు గ్రీకులో రాసిన మాట కతల్లగే. అది డబ్బు మార్పిడికి కూడా వాడే బజారు మాట. మన అనువాదకులు బజారు జోలికి పోలేదు. మా మెట్ట ప్రాంతానికి ఈ మతం వచ్చిన తీరు చూస్తే మాత్రం ఈ తెలుగు మాటే ఎక్కువ నప్పిందనిపిస్తుంది. ఇక్కడ కథ మొదలైందే ఒక ప్రశ్నతో.

చిల్లకల్లు టోల్‌గేటు దాటి బెజవాడ వైపు వెళ్తే దారిలో నందిగామ వస్తుంది. రాఘవాపురం ఆ మండలంలోదే. పంతొమ్మిదో శతాబ్దం నడిమికాలంలో ఆ ఊరి మాలపల్లెలో పాగోలు వెంకయ్య అనే ఆయన ఉండేవాడు. పల్లెలో పెద్దమనిషి, నలుగురూ మాట వినేవాళ్ళు. రాతిబొమ్మలో దేవుడు లేడని ఎవరో అన్న మాట ఆయన చెవిన పడింది. ఆయన మొక్కులు మానేశాడు, తనవాళ్ళ చేత మాన్పించాడు. మానడం వరకూ బాగానే ఉంది. మరి ఇక దణ్ణం ఎవరికి పెట్టుకోవాలి? పేరు తెలియని దేవుడా, నువ్వెవరివో నాకు తెలియజెయ్యి అని వేడుకుంటూ ఏళ్ళు వెళ్ళదీశాడని చెబుతారు. అప్పటికింకా ఆయన ఒక్క మిషనరీ ముఖం కూడా చూడలేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

మిషనరీలు లేక కాదు. చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లోనే బందరులో దిగారు. నోబుల్ దృష్టంతా చదువుకోగల పై కులాల పిల్లల మీద ఉండేది. 1843లో బడి పెట్టి, పైన పోస్తే కిందికి దిగుతుందని నమ్మాడు. ఫలితం లేకపోలేదు గానీ చాలా నెమ్మదిగా వచ్చింది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకుంటే బందరు గగ్గోలెత్తి బడి దాదాపు ఖాళీ అయింది. పైన పోసింది పైనే ఇంకిపోతుండగా, కింద ఎవరూ పోయకుండానే ఊట పుట్టింది.

1859లో కృష్ణలో పండగ స్నానాలకు జనం బెజవాడ చేరారు. ఆనకట్ట కట్టి నాలుగేళ్ళే అయింది, ఏటి రూపం కొత్తగా ఉంది. ఆ గుంపులో వెంకయ్య తనవాళ్ళతో వచ్చాడు. రేవులో ఒక బ్రాహ్మణుణ్ణి పట్టుకుని దేవుడి సంగతి అడిగితే, ఆయన దూరంగా కనిపిస్తున్న దొరగారి బంగళా చూపించి అక్కడికి వెళ్ళి అడగమన్నాడట. విసుగుతో అన్నాడో, దయతో అన్నాడో! మా జిల్లా క్రైస్తవ చరిత్రకు తలుపు తీసిన చెయ్యి మాత్రం ఆయనదే.

బంగళాలో ఉన్నది మిషనరీ థామస్ డార్లింగ్. ఎంత చెప్పినా వినేవాడు లేక డీలాపడి ఉన్న మనిషి. అలాంటివాడి గుమ్మం ముందుకు, పిలవకుండా, ఒక గుంపు వచ్చి మాకు దేవుడి సంగతి చెప్పమంది. ఆయన చెప్పాడు. విన్న వెంకయ్య, ఇన్నాళ్ళూ నేను పిలుస్తున్నది ఈయన్నే అన్నాడని సంఘంలో చెప్పుకుంటారు. ఆ ఏడాదే రాఘవాపురంలో బాప్తిస్మాలు జరిగాయి.

డార్లింగ్ చెప్పినదాంట్లో వెంకయ్యకు అంతగా తగిలిందేమిటి? నా ఊహ ఇది. ఆ రోజుల్లో మాలపల్లె మనిషికి బావి వేరు, గుడి ఉన్నా ధ్వజస్తంభం దూరం నుంచే. పుణ్యం సంపాదించడానికి ఊరు చెప్పే దారులన్నీ ఆయన వెళ్ళరాని వీధుల్లోంచే పోతాయి. ఇక సంపాదన సంగతంటారా, కళ్ళంలో ఎంత పని చేస్తే అంత కొలిచే గింజలే తెలుసు, అదీ కొలత బాగుంటే. అలాంటి మనిషితో, ఇది కూలి కాదు, నువ్వు చేసినదానికి కొలిచేది కాదు, ఊరికే ఇచ్చేది అన్నారు. బాకీ నీది, తీర్చింది దేవుడు అన్నారు. కృప అన్న మాట పండితుడికి సిద్ధాంతం కావచ్చు. కళ్ళం దగ్గర కుంచంకేసి చూస్తూ నిలబడినవాడికి అది వేరే లెక్క.

కథ ఇంతటితో ఆగితే ఒక్క మనిషి కథే. వెంకయ్య మాత్రం ఊరుకోలేదు. పెళ్ళికి వెళ్ళినా, దినానికి వెళ్ళినా ఇదే మాట. చుట్టరికాల దారినే కబురు ఊరి నుంచి ఊరికి పాకింది. దక్షిణాన ఒంగోలు వైపు ఎర్రగుంట్ల పేరయ్యదీ ఇలాంటి కథే. తాళ్ళకొండపాడు మాదిగ ఆయన, యోగమార్గంలో వెతికి వెతికి, తోళ్ళ బేరానికి ఏలూరు వైపు వచ్చినప్పుడు ఒక మిషనరీ నోట ఈ కబురు విన్నాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. పన్నెండేళ్ళ తర్వాత, 1878 జులై 3న, ఆ వైపే గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. అంతకుముందే కరువు వచ్చింది, కరువు పనులు కొన్ని మిషనరీలు చేయించారు. అందుకని గంజి కోసం చేరారని ఎత్తిపొడిచేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వెంకయ్య, పేరయ్య వెతుకులాట మొదలుపెట్టింది కరువుకు చాలా ముందు.

దేవుడితో రాజీ కుదిరినంత తేలిగ్గా పొరుగువాడితో కుదరలేదు. మాలల చర్చి, మాదిగల చర్చి అని ఒకే ఊళ్ళో రెండు గంటలు మోగడం చాలా ఊళ్ళకు తెలిసిన సంగతే. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి ఎస్సీ జాబితాలోకి రానివ్వలేదు. మన రాష్ట్రంలో అతను బీసీ-సీ. అందుకే ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు ఉన్న ఇళ్ళు ఎన్నో. కృప ఊరికే దొరికింది గానీ, దాన్ని కాగితం మీద ఒప్పుకోవడానికి మాత్రం ఖరీదు పెట్టారు.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక కొత్త ఆరాధన క్రమం రాసుకున్నారు. అందులో ప్రభువు బల్లకు ముందు సమాధానం ఇచ్చుకోవడం ఉంటుంది. అయ్యగారు బల్ల దగ్గర నుంచి వచ్చి ముందు వరసలో మొదటి మనిషి రెండు చేతులూ తన చేతుల మధ్యకు తీసుకుంటారు. ఆ మనిషి పక్కకు తిరిగి పక్కవాళ్ళ చేతులు పట్టుకుంటాడు. మాటల్లేవు. మిరపకోతలకు పగిలిన వేళ్ళు, గాజుల చప్పుడు, చెమట తడి. ఒకప్పుడు ఊరు తాకని చేతులివి. ఒక వరస అయ్యాక ఇంకో వరస. చివరికి తలుపు దగ్గర చాప మీద, తల మీద కొంగు సర్దుకుంటూ కూర్చున్న ముసలమ్మ దాకా వస్తుంది. ఆమె పక్కన ఇంకెవరూ లేకపోతే, గడప మీద ఆడుకుంటున్న పిల్లవాణ్ణి పిలిచి వాడి మట్టి చేతులు పట్టుకుంటుంది.