కెమికల్ ఇంజనీరింగ్ చదువు: అప్పు ఎంత, తొలి జీతం ఎంత?

చంద్రపూర్ జిల్లాలోని మన తెలుగు కుటుంబాలకు కెమికల్ ఇంజనీరింగ్ దూరపు చదువేమీ కాదు. బల్లార్‌పూర్ మిల్లులో వెదురు, కర్ర గుజ్జుగా మారడం, సిమెంటు కర్మాగారాల్లో సున్నపురాయి కాలి క్లింకర్ కావడం, 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రంలో బాయిలర్‌కు నీళ్లు శుద్ధి చేయడం అన్నీ ఈ చదువుకు సంబంధించిన పనులే. కానీ ఒక్కో ప్లాంటులో ప్రాసెస్ ఇంజనీర్ల కొలువులు కొన్నే ఉంటాయి. ఇంటి దగ్గరే కొలువు దొరుకుతుందన్న నమ్మకంతో అప్పు చేయకుండా, అడ్మిషన్‌కు ముందే లెక్క వేసుకోవాలని మేము సూచిస్తున్నాం.

అప్పు ఎలా పెరుగుతుంది

బ్యాంకుల నమూనా విద్యారుణ పథకంలో 4 లక్షల వరకు మార్జిన్, తాకట్టు ఉండవు. 7.5 లక్షలు దాటితే సాధారణంగా తాకట్టు అడుగుతారు. చదువుకాలం, ఆ తర్వాత ఒక ఏడాది దాకా కిస్తీ కట్టనక్కర లేదు. అయితే వడ్డీ మాత్రం ఆగదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగేళ్లలో 6 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నాం అనుకుందాం. కిస్తీలు మొదలయ్యే నాటికి సాధారణ వడ్డీయే 2.10 లక్షలు అవుతుంది. అప్పుడు బాకీ 8.10 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,700 రూపాయలు కట్టాలి. పదిహేనేళ్లకు పెంచితే కిస్తీ 8,700కు తగ్గుతుంది గానీ, మొత్తం కట్టేది 12.8 లక్షల నుంచి 15.7 లక్షలకు పెరుగుతుంది.

చదువుతుండగానే వడ్డీ కట్టేస్తే (మొదటి ఏడాది నెలకు 1,250, చివరికి 5,000) పదేళ్ల కిస్తీ 7,900 దగ్గరే ఉంటుంది. ఇంట్లో ఒక జీతం ఉన్నవాళ్లకు ఇదే మేలైన దారి.

తొలి జీతాన్ని ఎలా చూడాలి

కంపెనీ చెప్పే వార్షిక ప్యాకేజీని పన్నెండుతో భాగిస్తే వచ్చేది చేతికందే జీతం కాదు. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా కూడా అందులో కలిపే చెబుతారు. కిస్తీ చేతికొచ్చే జీతంలో నాలుగో వంతు దాటకూడదన్నది మా సలహా. అంటే 10,700 కిస్తీకి నెలకు 43 వేలు చేతికి రావాలి. 25 వేలే వస్తే, పరాయి ఊళ్లో గది అద్దె, తిండి పోను మిగిలేది కిస్తీకి చాలదు.

అప్రెంటిస్‌గా చేరితే, 2019 నియమాల ప్రకారం డిగ్రీవాళ్లకు కనీస స్టైపెండ్ నెలకు 9,000. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే 12,400. అదే గేట్ స్కోరుతో ఇండియన్ ఆయిల్ వంటి సంస్థలో ఆఫీసర్‌గా కుదిరితే మూలవేతనమే 50,000 నుంచి మొదలవుతుంది. పోటీ మాత్రం చాలా గట్టిది.

ప్రైవేటు కొలువులకు హైదరాబాద్ చుట్టూ ఉన్న జీడిమెట్ల, పటాన్‌చెరు మందుల కంపెనీలు, విశాఖ దగ్గరి పరవాడ ఫార్మాసిటీ, గుజరాత్‌లో వాపి, అంక్లేశ్వర్, దహేజ్ చూడాలి. మన బల్లార్షా–కాజీపేట రైలు దారిలోనే ఉన్న రామగుండంలో 2021లో మళ్లీ యూరియా ఉత్పత్తి మొదలైంది. షిఫ్టు డ్యూటీకి, ఊరు మారడానికి సిద్ధపడినవాళ్లకే ఈ రంగంలో అవకాశాలు ఎక్కువ.

అప్పు తగ్గించే పత్రాలు

నాగపూర్‌లో రెండు మంచి చోట్లున్నాయి: 1942లో స్థాపించిన లక్ష్మీనారాయణ్ ఇన్‌స్టిట్యూట్, వీఎన్‌ఐటీ. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రంవారివి. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసైతే అదే సొంత రాష్ట్రం. కాబట్టి చంద్రపూర్‌లో చదివిన పిల్లలకు ఆ కోటా వీఎన్‌ఐటీలో వర్తిస్తుంది, వరంగల్‌లో వర్తించదు. ఎన్‌ఐటీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకూ, కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉన్నవారికీ ట్యూషన్ ఫీజు ఉండదు. లక్ష నుంచి 5 లక్షల వరకైతే మూడో వంతు కడితే చాలు.

మహారాష్ట్ర ప్రభుత్వ క్యాప్ రౌండ్ ద్వారా చేరి, ఆదాయం 8 లక్షల లోపు ఉంటే రాజర్షి శాహూ పథకంలో సగం ట్యూషన్ ఫీజు వస్తుంది. 2024–25 నుంచి ఓబీసీ, ఎస్‌ఈబీసీ, ఈడబ్ల్యూఎస్ ఆడపిల్లలకు ఫీజు పూర్తిగా మాఫీ. ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయం ఉంటే చదువుకాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. 8 లక్షల లోపు ఉంటే, ఎంపికైన కాలేజీల్లో 10 లక్షల వరకు రుణంపై పీఎం విద్యాలక్ష్మి 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తుంది.

మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది కుల ధ్రువపత్రం దగ్గర. కులం మహారాష్ట్ర జాబితాలో ఉండాలి. పూర్వీకులు ఎస్సీలైతే 1950 ఆగస్టు 10, ఎస్టీలైతే 1950 సెప్టెంబరు 6, విముక్త, సంచార జాతులైతే 1961 నవంబరు 21, ఓబీసీలైతే 1967 అక్టోబరు 13 నాటికే ఇక్కడ ఉన్నట్టు రుజువు కావాలి. వలస వెళ్లినచోట సొంత రాష్ట్రపు హోదా దానంతటది రాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. తాతగారి బడి దాఖలా, గని లేదా మిల్లు సర్వీసు పుస్తకం, పాత జనన నమోదు ఇలాంటి సమయంలోనే అక్కరకొస్తాయి.

ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే ఆ పెట్టె ఇప్పుడే తెరవండి. కాస్ట్ వాలిడిటీకి నెలలు పట్టవచ్చు. ఆ పత్రం సమయానికి చేతిలో లేక, రాయితీ రావాల్సిన ఫీజును అప్పుగా తెచ్చుకుంటే, దాని కిస్తీ పదేళ్లపాటు పిల్లల జీతంలోంచే పోతుంది.