రంప పితూరీలో విల్లు, తుపాకి: ఒక పరిశీలన

కాల్పనిక పాత్రపోషణ క్రీడల్లో విలుకాడిని తీర్చిదిద్దే ఆటగాడు శక్తినంతటినీ ఒకే ఆయుధంపై వెచ్చిస్తాడు. తెలుగువారి సామూహిక స్మృతి అల్లూరి సీతారామరాజును తీర్చిదిద్దిన పద్ధతి కూడా ఇదే. 2022 జూలై 4న భీమవరంలో ఆవిష్కరించిన కంచు విగ్రహం విల్లు ధరించి ఉంది. అదే ఏడాది విడుదలైన కల్పిత కథాచిత్రం ‘ఆర్‌ఆర్‌ఆర్’ పతాక సన్నివేశంలోనూ రామరాజు పాత్ర ఆయుధం విల్లే.

చారిత్రక ఆధారాలు చూపే చిత్రం వేరు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడులు జరిగాయి. వాటి ప్రధాన లక్ష్యం ఆయుధ సేకరణ. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చిక్కాయి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులు నేలకూలింది తుపాకి గుండ్లకే.

అయితే విల్లును కేవలం కల్పనగా కొట్టివేయరాదు. అది మన్యంవాసుల వేట సాధనం. అడవిలోనే తయారవుతుంది, చప్పుడు చేయదు. తూటా అయిపోతే మళ్లీ శత్రువు వద్దనే సంపాదించాలి. తుపాకి వ్యూహాన్ని చెబితే, విల్లు ఆ వ్యూహానికి ఆధారమైన సమాజాన్ని చెబుతుంది. ఆ విల్లును ఒక్క నాయకుడి చేతికే పరిమితం చేసినప్పుడు గాం గంటందొర, గాం మల్లుదొర వంటి సహచరులు నేపథ్యంలోకి జరుగుతారు. మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. పితూరీ చరిత్రను 1924 మే 7న రాజు మరణంతో ముగించే పాఠాలు ఈ కొనసాగింపును కూడా పరిశీలించవలసి ఉంది.