గొలుసు పోయెను, కాటా రావలెను

మన పల్లెలలో ఒకప్పుడు మనిషికి మతి చలించినచో గాలి సోకినదని తాయెత్తు కట్టించెడివారు. ఉద్రేకము మితిమీరినచో కాలికి గొలుసు వేసెడివారు. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకల వారికి పెద్ద మానసిక వైద్యశాల విశాఖపట్టణముననే యుండెను. అంత దూరము పోయినను, నిద్రపుచ్చు మందులే గాని భ్రమలను పోగొట్టు మందులు నాడు లేవు.

ఆ మందుల చరిత్రలో మన దేశమునకును పాలు కలదు. మనము పాతాళగంధి యనెడి సర్పగంధ వేరు ఉన్మాదమునకు, రక్తపుపోటునకు పనిచేయునని 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తీక చంద్ర బోసు ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను సారమును వేరుపరచిరి. ఆ యేడే పారిసులో డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రొమజైన్ ఇచ్చి, ఉద్రేకముతోపాటు భ్రమలును తగ్గుట గమనించిరి. సర్పగంధ వెనుకబడినది, ఈ క్రొత్త మందు లోకమంతట వ్యాపించినది. ఏండ్ల తరబడి ఆసుపత్రులలో మ్రగ్గిన పలువురు ఇండ్లకు మరలిరి.

కాని ప్రతి మేలునకును వెల యుండును. ఈ మందు తినువారు లావెక్కుచున్నారని 1950 దశకముననే వైద్యులు గుర్తించిరి. తరువాత వచ్చిన క్లోజపిన్, ఒలాంజపిన్ మందులతో చేతుల వణుకు, కండరముల బిగువు తగ్గినవి గాని, బరువు మరింత పెరిగినది. ఆకలిని అదుపుచేయు మెదడు సంకేతములను ఇవి మార్చును. కడుపు నిండినను తృప్తి కలుగదు. అట్టివానిని తిండిపోతని నిందించుట అన్యాయము.

బరువు వెంట మధుమేహము, రక్తపుపోటు రావచ్చును. అవి మెదడు రక్తనాళములను చెరచి పక్షవాతమునకు, మతిమరపునకు దారితీయవచ్చును. మనస్సును కాపాడిన మందు వెంట మెదడునకు ముప్పు రాకుండ చూచుకొనవలెను. ఈ మందులు మొదలిడునపుడును, పిమ్మట క్రమముగను బరువు, నడుము కొలత, రక్తపుపోటు, రక్తములోని చక్కెర, క్రొవ్వు పరీక్షింపవలెనని 2004లో అమెరికా మధుమేహ, మానసిక వైద్య సంఘములు సూచించినవి.

లావెక్కెనని మందు హఠాత్తుగా మానరాదు, వ్యాధి తిరుగబెట్టును. వైద్యునితో చెప్పినచో మోతాదు సవరించును, మందు మార్చును, లేదా బరువు తగ్గుటకు మెట్‌ఫార్మిన్ వంటిది చేర్చును. రోగిని గొలుసుతో కట్టుటను 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము నిషేధించినది. 2023లో ఏలూరునకు ప్రభుత్వ వైద్య కళాశాలయు వచ్చినది. తాడేపల్లిగూడెము మిల్లులలో ప్రతి ధాన్యపు బస్తాను కాటా వేయుదుము. మన ఇంటి మనిషిని నెలకొకసారి కాటా యెక్కించుట అంతకంటె భారమా?