అబిగైల్స్ పార్టీ: శివారు ఇంట్లో ఒక సాయంత్రం

ఇంగ్లిష్ నాటక రచయిత, దర్శకుడు మైక్ లీ రూపొందించిన ‘అబిగైల్స్ పార్టీ’ నాటకం 1977 ఏప్రిల్‌లో లండన్‌లోని హాంప్‌స్టెడ్ థియేటర్‌లో మొదటిసారి రంగస్థలమెక్కింది. శివారు కాలనీల కాపురాల్లోని వెలితిని నవ్విస్తూనే చూపించే నాటకాలు ఇంగ్లండులో అప్పటికే ఉన్నాయి. 1972 నాటి అలన్ ఎయిక్‌బోర్న్ నాటకం ‘ఆబ్సర్డ్ పర్సన్ సింగ్యులర్’లో ఒక ఇల్లాలు చనిపోదామని గ్యాస్ ఓవెన్‌లో తల పెడుతుంది. ఇంటికొచ్చిన స్నేహితురాలు ఆమె ఆ ఓవెన్ తోమబోతోందనుకుని తానే తోమడానికి పూనుకుంటుంది.

లీ దగ్గర మాత్రం ముందుగా రాసుకున్న నాటకం ఉండదు. నటులతో కూర్చుని ఒక్కో పాత్రకూ గతాన్ని అల్లి, రిహార్సల్స్‌లో అప్పటికప్పుడు ఆడించి, అందులోంచి సంభాషణలు తేల్చేవాడు. అందుకే ఇందులో ఎవరి మాట తీరు వారిదే.

కథ ఒక్క సాయంత్రానిది. బెవర్లీ, ఆమె భర్త లారెన్స్ కొత్తగా దిగిన ఇరుగుపొరుగు జంటను, విడాకులు తీసుకున్న సూను ఇంటికి పిలుస్తారు. సూ కూతురు, పదిహేనేళ్ల అబిగైల్, పక్కింట్లో పార్టీ చేసుకుంటోంది. నాటకానికి పేరిచ్చిన ఆ పిల్ల రంగం మీదికి రానే రాదు. సూ తెచ్చిన, మామూలుగా చల్లబరచని రెడ్ వైన్‌ను బెవర్లీ మురిపెంగా ఫ్రిజ్‌లో పెడుతుంది. ఇళ్ల క్రయవిక్రయాల ఏజెంటైన లారెన్స్ తోలు అట్టల షేక్‌స్పియర్ సంపుటాలు చూపించి, ఇవి చదివేందుకు కావంటాడు. కొనడం తెలిసి, కొన్నదానితో ఏం చేయాలో తెలియని జీవితం ఈ రెండు చిన్న పనుల్లో మొత్తం కనిపిస్తుంది. గోడకు తగిలించే బొమ్మ దగ్గర రాజుకున్న మొగుడూపెళ్లాల తగవు లారెన్స్ గుండెపోటుతో ముగుస్తుంది.

బెవర్లీగా అలిసన్ స్టెడ్‌మన్ నటన జనాన్ని కట్టిపడేసింది. ఆమె గర్భవతి కావడంతో నాటకాన్ని లండన్ పెద్ద థియేటర్ల ప్రాంతమైన వెస్ట్ ఎండ్‌కు తరలించలేకపోయారు. అందుకు బదులు బీబీసీ నాటకాన్ని స్టూడియోలో చిత్రీకరించి, అదే ఏడాది నవంబర్‌లో ‘ప్లే ఫర్ టుడే’ అనే టీవీ నాటకాల శీర్షికలో ప్రసారం చేసింది. అలా హాంప్‌స్టెడ్ చిన్న హాలు దాటి దేశమంతటికీ చేరింది.

కింది మధ్యతరగతి అభిరుచుల మీద ద్వేషంతో చేసిన వెక్కిరింపు ఇదని నాటక రచయిత డెనిస్ పాటర్ ఘాటుగా విమర్శించాడు. ఆ నింద పూర్తిగా న్యాయం కాదు. గ్లాసులు నింపుతూ, పాటలు మారుస్తూ, ఎవరినీ ఊరికే కూర్చోనివ్వని బెవర్లీలో గయ్యాళితనం కన్నా ఒంటరితనమే ఎక్కువ. విమర్శలు ఎలా ఉన్నా, 2012లో మెనియర్ చాక్లెట్ ఫ్యాక్టరీ థియేటర్‌లో మళ్లీ ఆడిన ఈ నాటకం అక్కడినుంచి వెస్ట్ ఎండ్‌లోని విండమ్స్ థియేటర్‌కు వెళ్లింది.