బీబీసీ చెరిపేసిన షోని పిల్లలు ఎలా కాపాడారు?

ముందుగా ఒక చిన్న ప్రశ్న. ఫోన్‌లో "స్టోరేజ్ ఫుల్" అని వస్తే మీరు ఫస్ట్ ఏం డిలీట్ చేస్తారు? పాత వీడియోలే కదా. "ఇంకెవరు చూస్తార్లే" అనుకుంటాం, నొక్కేస్తాం. సరిగ్గా ఇలాగే అనుకుని బీబీసీ తన సొంత సూపర్ హిట్ షోని చెరిపేసింది. ఆ షో పేరు డాక్టర్ హూ. చిన్నప్పటి నుంచి నాకు ప్రాణం. దాన్ని ఎందుకు చెరిపారు, ఎవరు బతికించారు, ఈరోజు అదే చెప్పుకుందాం.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. డాక్టర్ అనే ఒక ఏలియన్ ఉంటాడు. చూడ్డానికి నీలం రంగు పోలీస్ బాక్స్‌లా ఉండే టైమ్ మెషీన్‌లో తిరుగుతుంటాడు. దాని పేరు టార్డిస్. బయట నుంచి చూస్తే చిన్నది, లోపలికెళ్తే చాలా పెద్దది. చావు దగ్గరికొస్తే డాక్టర్ కొత్త రూపంలోకి మారిపోతాడు. అందుకే యాక్టర్ మారినా షో ఆగలేదు.

నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు కేబుల్‌లో ఏదో ఇంగ్లీష్ ఛానల్లో చూశా. సగం డైలాగులు అర్థం కాలేదు. అయినా ఆ బాక్స్ తలుపు తెరుచుకున్న సీన్ మాత్రం బుర్రలో ఉండిపోయింది. బీటెక్ హాస్టల్లో 2005 తర్వాత వచ్చిన కొత్త సీజన్లన్నీ అవగొట్టేశా. సరే, అసలు మొదటి నుంచి చూద్దామని 1963కి వెళ్ళా. అక్కడ ఆగిపోవాల్సి వచ్చింది. ఒక కథలో రెండో ఎపిసోడ్ ఉంటే మూడోది లేదు. కొన్ని కథలైతే మొత్తానికే లేవు.

అసలు ఏం జరిగిందంటే, ఈ షో 1963 నవంబర్ 23న మొదలైంది. దానికి ముందు రోజే అమెరికాలో కెన్నెడీ హత్య జరిగింది. అందుకే మరుసటి వారం రెండో ఎపిసోడ్‌కి ముందు మొదటిది మళ్ళీ వేశారు. డిసెంబర్‌లో డాలెక్స్ అనే విలన్లు వచ్చారు, షో ఒక్కసారిగా పేలింది. మొదటి ఆరేళ్ళలో 253 ఎపిసోడ్లు. అన్నీ బ్లాక్ అండ్ వైట్.

మరి ఇంత హిట్ షోని ఎందుకు చెరిపారు? అప్పట్లో వీడియో టేప్ చాలా ఖరీదు. ఒక ప్రోగ్రామ్ అయిపోయాక దాన్ని చెరిపి, అదే టేప్ మీద ఇంకోటి రికార్డ్ చేసేవాళ్ళు. పైగా నటుల యూనియన్‌తో ఉన్న ఒప్పందాల వల్ల పాతవి ఇష్టం వచ్చినన్ని సార్లు రిపీట్ వేయడానికి లేదు. ఇళ్ళలో వీసీఆర్‌లు లేవు. కలర్ టీవీ వచ్చాక బ్లాక్ అండ్ వైట్ ఎవరిక్కావాలి అనుకున్నారు. విదేశాలకి అమ్మడానికి 16 ఎంఎం ఫిల్మ్ కాపీలు తీసేవాళ్ళు కానీ, ఆ హక్కుల గడువు అయిపోయాక వాటిని కూడా పారేశారు. 1967 నుంచి 1978 దాకా ఇదే నడిచింది.

బీబీసీని తిట్టేముందు ఒక నిజం చెప్పాలి. మా ఇంట్లోనూ ఒక బీబీసీ ఉంది, అది నేనే. నాకు ఏడేళ్ళున్నప్పుడు నాన్న టేప్ రికార్డర్‌లో ఒక పాత క్యాసెట్ పెట్టి, దాని మీద సినిమా పాటలు రికార్డ్ చేశా. అందులో తాతయ్య పద్యాలు పాడిన గొంతు ఉందని నాకు తెలీదు. తాతయ్య అప్పటికే లేరు. నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. క్యాసెట్ తీసి అటూ ఇటూ తిప్పి చూసి బీరువాలో పెట్టేశారు. ఆ టేప్ ఖాళీది అనుకున్నాను, అంతే. బీబీసీ వాళ్ళూ అంతే.

ఇప్పుడు ట్విస్ట్. అదే టైంలో ఇంగ్లండ్‌లో కొంతమంది పిల్లలకి ఈ షో అంటే పిచ్చి. వీడియో రికార్డ్ చేసే దారి లేదు. కానీ సౌండ్ అయినా మళ్ళీ వినాలి కదా. రీల్ టేప్ రికార్డర్ తెచ్చి, మైక్‌ని టీవీ స్పీకర్ ముందు పెట్టారు. ఆ 25 నిమిషాలు ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గకూడదు కూడా. గ్రేమ్ స్ట్రాంగ్ అనే కుర్రాడైతే మైక్ కూడా వద్దనుకుని, టీవీ నుంచి నేరుగా వైరు లాగి రికార్డర్‌కి కలిపేశాడు. ఫలితం ఏంటో తెలుసా? బొమ్మ పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ, ఒక్కటి కూడా వదలకుండా, ఆడియో ఈరోజు ఉంది. బీబీసీ పారేసిన దాన్ని ఆ పిల్లలు ఇళ్ళలో దాచిపెట్టారు.

ఇది నాన్నకి చెప్తే అస్సలు ఆశ్చర్యపోలేదు. రేడియోలో సంక్షిప్త శబ్ద చిత్రం విని సినిమా మొత్తం కళ్ళ ముందు చూసుకున్న తరం మరి!

1978లో బీబీసీ స్యూ మాల్డెన్ అనే ఆవిడకి ఏం దాచాలో తేల్చే బాధ్యత ఇచ్చింది. ఇయాన్ లెవీన్ అనే అభిమాని కూడా అదే ఏడాది వెళ్ళి, మిగిలిన ఫిల్ములు పారేయొద్దని పట్టుబట్టాడు. పారేయడం ఆగింది, వెతకడం మొదలైంది.

ఎక్కడెక్కడ దొరికాయో వినండి. 1983లో రెండు ఎపిసోడ్లు లండన్‌లో ఒక చర్చి బేస్‌మెంట్‌లో. 1991లో ఒక నాలుగు ఎపిసోడ్ల కథ పూర్తిగా హాంకాంగ్‌లో. 1996లో ఆస్ట్రేలియాలో దొరికినవి ఇంకా వింత. పిల్లలు భయపడతారని అక్కడి సెన్సార్ వాళ్ళు కత్తిరించిన ముక్కల్ని ప్రభుత్వ ఆర్కైవ్‌లో భద్రంగా పెట్టారు. డేమియన్ షానహాన్, ఎలెన్ ప్యారీ అనే ఇద్దరు అభిమానులు వాటిని కనిపెట్టారు. అసలు ఎపిసోడ్లు పోయాయి, చూపించకూడదన్న సీన్లు మాత్రం మిగిలాయి! 2013లో నైజీరియాలోని జోస్ నగరం నుంచి ఒకేసారి తొమ్మిది పోయిన ఎపిసోడ్లు బయటపడ్డాయి. దాంతో లెక్క 106 నుంచి 97కి తగ్గింది.

2016లో బీబీసీ "పవర్ ఆఫ్ ది డాలెక్స్" కథని యానిమేషన్‌లో మళ్ళీ తీసుకొచ్చింది. 1966లో వచ్చిన ఆ ఆరు ఎపిసోడ్లలో ఒక్కటి కూడా లేదు. మరి గొంతులెక్కడివి? అభిమానులు రికార్డ్ చేసుకున్నవే. యాభై ఏళ్ళ తర్వాత బీబీసీ తన షో సౌండ్ కోసం అభిమానుల టేపుల మీద ఆధారపడింది.

అది చూశాకే నేను ఒక ఫ్యాన్ గ్రూప్‌లో చేరా. జాన్ క్యూరా అనే ఫోటోగ్రాఫర్ అప్పట్లో టీవీ తెర మీది దృశ్యాలు ఫోటోలు తీసి నటులకి, డైరెక్టర్లకి అమ్మేవాడు. ఆ ఫోటోల్ని ఆడియోకి జతచేసి అభిమానులు ఎపిసోడ్లు మళ్ళీ కడతారు. సాఫ్ట్‌వేర్ వాడివి కదా అని నాకు సబ్‌టైటిల్స్ టైమింగ్ పని ఇచ్చారు. ఒక్క ఎపిసోడ్‌కి మూడు రాత్రులు పట్టింది. ఒకచోట తలుపు వేసిన చప్పుడు వచ్చింది. అది టార్డిస్‌దా, రికార్డ్ చేసిన ఇంటిదా అని పది సార్లు విన్నా. చివరికి గ్రూప్‌లో ఒక పెద్దాయన నవ్వి, అది ఇంటిదే అన్నారు. ఆయన కూడా చిన్నప్పుడు మైక్ పెట్టుకుని కూర్చున్నవాడే. ఆ చప్పుడు తీసేద్దామా అని అడిగితే గ్రూప్ అంతా వద్దన్నారు.

తాతయ్య క్యాసెట్‌కి మాత్రం ఇంకో కాపీ ఎవరి దగ్గరా లేదు. అన్నీ అడిగి చూశా, బంధువుల ఇళ్ళు కూడా వెతికా. అందుకే పోయిన సంక్రాంతికి నాన్నని కూర్చోబెట్టి, తాతయ్య దగ్గర నేర్చుకున్న పద్యాలు గుర్తున్నంత వరకు పాడించా. మధ్యలో అమ్మ కాఫీ తెచ్చింది, గ్లాసు చప్పుడు రికార్డయింది. ఎడిట్ చేయలేదు. మూడు చోట్ల కాపీ పెట్టా.

ఈసారి "స్టోరేజ్ ఫుల్" అని వచ్చినప్పుడు, నొక్కేముందు ఒక్కసారి ప్లే చేసి చూడండి. అంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.