ఒక్కరోజు ముందు పుట్టిన పేరు

అక్వేరియం షాపుల్లో నీలం, ఎరుపు చారలతో మెరిసే చిన్న చేపలు రెండు రకాలు. ఎరుపు నడుము నుంచి తోక దాకా మాత్రమే ఉంటే అది నియాన్ టెట్రా. ఒళ్లంతా పొడుగునా ఉంటే కార్డినల్. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఇవి గాజుతొట్లలోకి ఎలా వచ్చాయో చదవడం మొదలుపెడితే, నాకు చేపలకన్నా వాటి పేర్ల సంగతే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది.

నియాన్ కథ 1930లలో మొదలవుతుంది. పెరూ వైపు అమెజాన్‌లో ఆగస్ట్ రబో అనే ఫ్రెంచివాడికి దొరికి, పారిస్ చేరింది. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచులు ఇంకా రాని రోజులు. రేకు డబ్బాల్లో, ఓడల మీద, చలికి చచ్చిపోకుండా దీపాలతో నీళ్లు వెచ్చబెడుతూ చేపల్ని తెచ్చేవాళ్లు. ఫిలడెల్ఫియాలో ‘ది అక్వేరియం’ పత్రిక నడిపే విలియం ఇన్నెస్‌కి కొన్ని నియాన్‌లు అందితే, ఆయన వాటిని జార్జ్ మైయర్స్ అనే శాస్త్రవేత్తకి పంపాడు. 1936లో మైయర్స్ ఆ జాతికి ‘ఇన్నెసై’ అని పేరు పెట్టాడు. పట్టినవాడిది కాదు, పత్రిక సంపాదకుడిది.

ఇరవై ఏళ్లకి కార్డినల్ వంతు వచ్చింది. 1956 ఫిబ్రవరి 20న హెర్బర్ట్ ఆక్సెల్‌రాడ్ సొంత పత్రిక ‘ట్రాపికల్ ఫిష్ హాబీయిస్ట్’లో, లెనార్డ్ షుల్ట్జ్ ఈ చేపకి ‘ఆక్సెల్‌రోడై’ అని పేరు పెట్టాడు. 21న స్టాన్‌ఫర్డ్ బులెటిన్‌లో అదే మైయర్స్, వైట్జ్‌మన్‌తో కలిసి ‘కార్డినాలిస్’ అన్నాడు. ముందు అచ్చయిన పేరే చెల్లుతుందన్నది నియమం. గొడవ అంతర్జాతీయ జంతునామకరణ సంఘం దాకా వెళ్లింది. 1957లో ఆక్సెల్‌రాడ్ పేరే గెలిచింది. మా సాఫ్ట్‌వేర్ పనిలో టైమ్‌స్టాంపుల తగాదాలు మామూలే. ఒక ప్రాణి పేరు టైమ్‌స్టాంపు మీద తేలడం మాత్రం ఇక్కడే చూశాను.

ఈ తగువులో ఎక్కడా వినిపించని ఊరు బార్సెలోస్. బ్రెజిల్‌లో రియో నెగ్రో ఒడ్డున ఉంది. వరదకి మునిగిన అడవిలో పడవ మీద వెళ్లి, చేతివలతో ఈ చేపల్ని పట్టేవాళ్లు అక్కడ ఉన్నారు. వాళ్లని పియబేరోలంటారు. ‘పియబ’ అంటే మన పరకల్లాంటి చిన్న చేప. పట్టినవి పడవల్లో మనౌస్‌కి, అక్కడినుంచి విమానాల్లో ప్రపంచమంతా వెళ్తాయి. ఆ ఊళ్లో ఏటా చేపల పండగ. ఊరు కార్డినల్ జట్టు, డిస్కస్ జట్టు అని రెండుగా చీలి ఆటపాటలతో పోటీపడుతుంది.

అడవిలోంచి ప్రాణుల్ని తేవడం తప్పు, ఫారంలో పెంచినవి కొనడమే మంచిదని మనం సులువుగా అనుకుంటాం. నేనూ అదే అనుకునేవాణ్ణి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఎండాకాలం నీళ్లు తగ్గితే ఈ చేపలు ఎలాగూ లక్షల్లో చస్తాయి. వాటి అమ్మకం మీద బతికే మనిషికి అడవి నిలబడటం అవసరం. అందుకే అక్కడి ‘ప్రాజెక్ట్ పియబ’ చేపని కొంటే చెట్టుని కాపాడినట్టే అంటుంది. కానీ ఆసియాలో, యూరప్‌లో ఫారాల పెంపకం పెరిగేకొద్దీ బార్సెలోస్ బేరం పడిపోయింది.

ఇదే నేల మీద ఇది రెండోసారి. 1876లో హెన్రీ వికమ్ రబ్బరు గింజల్ని లండన్‌కి తీసుకెళ్లాడు. ఆ మొక్కలు సిలోన్‌లో, మలయాలో తోటలయ్యాక, రబ్బరు డబ్బుతో ఒపేరా హౌస్ కట్టుకున్న మనౌస్ కుదేలైంది. రబ్బరు పోయినా బార్సెలోస్‌కి చేప మిగిలింది. చేపా పోతే పియబేరోకి మిగిలేది గొడ్డలో, బంగారు గనో.